చేసినవాడు ఊళ్లో లేనప్పుడు - వెబ్ కాంపోనెంట్లకు వివరణ రాయడం ఎలా?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన పూర్వ విద్యార్థుల మిత్రులు అడిగినప్పుడు ముందు నా వల్ల కాదన్నాను. కథలు, కవితలు రాసే అలవాటు నాకు లేదు. నేను చేసేది కంప్యూటర్ ఉద్యోగం. "నువ్వు చేసే పని గురించే రాయి, మన కుర్రాళ్లకి అర్థమయ్యేటట్టు రాయి, చాలు" అన్నారు. ఆలోచించి చూస్తే నా పనిలో అన్నిటికంటే ముఖ్యమైన పాఠం నేను కాలేజీలో నేర్చుకోలేదు. మన గరివిడి హాస్టల్ వంటగదిలో నేర్చుకున్నాను. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

వంటగది గోడ మీది కాగితం

నేను తొమ్మిదో తరగతి చదువుతున్న రోజుల్లో మా వంట తాత కూతురి పెళ్లికని నాలుగు రోజులు ఊరెళ్లాడు. 120 మందికి వండే భారం కమాటీ మీద పడింది. పాపం, ఆయనకు నీళ్లు మోయడం, కూరగాయలు తరగడం తెలుసు గానీ కొలతలు తెలియవు. మొదటిరోజు అన్నం అడుగున మాడింది, పైన పలుకుగా ఉండిపోయింది. రెండోరోజు సాంబారులో ఉప్పు ఎక్కువైంది. మూడోరోజు చాలామంది పెరుగన్నం తిని లేచిపోయారు. కొలతలన్నీ తాత చేతిలోనే ఉండేవి. ఆయన్ని ఎవరూ ఎప్పుడూ అడగలేదు, ఆయనా ఎవరికీ చెప్పలేదు.

తాత తిరిగొచ్చాక వార్డెన్ గారు మా ఇద్దరు ముగ్గుర్ని కూర్చోబెట్టి, ఆయన చెబుతుంటే రాయమన్నారు. "ఇదేటి బాబూ, వంట కూడా రాసుకుంటారేటి?" అని తాత నవ్వాడు. ఎసరు ఎంత, పప్పు ఎన్ని డబ్బాలు, పొయ్యి ఎప్పుడు తగ్గించాలి, అన్నీ రాశాం. ఉప్పు దగ్గర చిక్కొచ్చింది. "ఐదు గుప్పిళ్లు" అన్నాడు తాత. ఎవరి గుప్పిడి? తాత గుప్పిడి వేరు, కమాటీ గుప్పిడి వేరు. చివరికి ఉప్పును కూడా డబ్బాతోనే కొలిపించారు. ఆ కాగితాన్ని వంటగది గోడకు అంటించాం. ఆ తర్వాత తాత లేని రోజున కూడా మా అన్నం అన్నంలాగే ఉంది.

ఈ సంగతి నాకు పన్నెండేళ్ల తర్వాత, తలవంచుకుని నిలబడాల్సిన పరిస్థితిలో గుర్తొచ్చింది. అది చెప్పే ముందు నా పని ఏమిటో కాస్త వివరించాలి.

వెబ్ కాంపోనెంట్ అంటే ఏమిటి?

పదో తరగతి ఫలితాల పేజీ, రైలు టిక్కెట్టు పేజీ, స్కాలర్‌షిప్ దరఖాస్తు పేజీ మీరు చూసే ఉంటారు. పైకి వేరువేరుగా కనిపించినా వీటిలో ఉండే ముక్కలు దాదాపు ఒకటే. బటన్, తేదీ నింపే పెట్టె, జిల్లా ఎంచుకునే జాబితా, తప్పు నింపితే ఎర్రగా కనిపించే హెచ్చరిక. ప్రతి పేజీకీ వీటిని మళ్లీ మళ్లీ తయారు చేయడం దండగ. ఒకసారి బాగా తయారు చేసి, ఎక్కడ కావాలంటే అక్కడ బిగించుకుంటే సరిపోతుంది. స్విచ్ తయారుచేసేవాడు ఒకడు, దాన్ని ఇంటి గోడకు బిగించేవాడు ఇంకొకడు. ఇదీ అంతే. ఇలా మళ్లీ వాడుకోదగ్గ ముక్కనే కాంపోనెంట్ అంటారు.

బ్రౌజర్‌కే నేరుగా అర్థమయ్యేలా ఇలాంటి ముక్కలు చేసే పద్ధతికి వెబ్ కాంపోనెంట్లని పేరు. ఈ ఆలోచన 2011లో బయటికొచ్చింది. 2013లో గూగుల్ సంస్థ పాలిమర్ అనే లైబ్రరీతో దీన్ని ప్రచారంలోకి తెచ్చింది. ఫైర్‌ఫాక్స్‌లో 2018లోనూ, మైక్రోసాఫ్ట్ ఎడ్జ్‌లో 2020లోనూ పూర్తిగా పనిచేయడం మొదలయ్యాక ముఖ్యమైన బ్రౌజర్లన్నిటికీ ఇది అందుబాటులోకి వచ్చింది.

ఇందులో మూడు సంగతులున్నాయి. మొదటిది కస్టమ్ ఎలిమెంట్. హెచ్‌టీఎంఎల్‌లో లేని కొత్త ట్యాగును మనమే సృష్టించుకోవచ్చు. దాని పేరులో తప్పనిసరిగా ఒక అడ్డగీత ఉండాలి. హెచ్‌టీఎంఎల్ సొంత ట్యాగుల పేర్లతో మన పేర్లు ఎప్పటికీ కలిసిపోకుండా ఈ నియమం పెట్టారు. రెండోది షాడో డామ్. ఇది ముక్క చుట్టూ కట్టిన ప్రహరీ గోడ. బయటి పేజీలో రాసిన రంగులు, అక్షరాల సైజుల నియమాలు లోపలి భాగాలను పట్టుకుని మార్చలేవు. లోపల రాసిన నియమాలు బయటి పేజీని పాడుచేయవు. మూడోది టెంప్లేట్. అంటే ముందుగా పోసిపెట్టుకున్న అచ్చు. అవసరమైనప్పుడు దాని నుంచి నకలు తీస్తారు.

ప్రహరీ గోడ ఉండడం మంచిదే. కానీ గోడ బయట ఉన్నవాడికి లోపలేముందో కనిపించదు. గేటు ఎక్కడుందో, ఏ వేళకు తీస్తారో, లోపలికి ఏమి పంపవచ్చో చెప్పే బోర్డు కావాలి. ఆ బోర్డే వివరణ పత్రం. మా భాషలో డాక్యుమెంటేషన్ అంటాం.

నేను చేసిన తప్పు

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు పుట్టిన తేదీ నింపే పెట్టె తయారుచేసే పని అప్పగించారు. రోజు, నెల, సంవత్సరం ఎంచుకుంటే ఆ మూడింటినీ అంకెలుగా అందించాలి. వారం రోజుల్లో చేసేశాను. చూడ్డానికి బాగుంది, ఎక్కడా ఆగిపోవడం లేదు. అందరూ మెచ్చుకున్నారు. వివరణ ఒక్క ముక్క కూడా రాయలేదు. "ఎవరికైనా సందేహం వస్తే నన్ను అడుగుతారులే" అనుకున్నాను.

జావాస్క్రిప్ట్ భాషలో ఒక వింత ఉంది. రోజులను 1 నుంచి లెక్కపెడుతుంది గానీ నెలలను 0 నుంచి లెక్కపెడుతుంది. జనవరి 0, ఫిబ్రవరి 1, డిసెంబరు 11. 1995లో బ్రెండన్ ఐక్ ఆ భాషను తయారు చేసినప్పుడు తేదీల లెక్కను జావా భాష నుంచి యథాతథంగా తీసుకున్నారు. ఆ అలవాటు అలాగే ఉండిపోయింది. నా పెట్టె కూడా నెలను అదే లెక్కలో అందించేది. నాకది సహజంగా తోచింది కనుక ఎక్కడా చెప్పలేదు.

కొన్ని నెలల తర్వాత వేరే ఊళ్లోని మరో బృందం ఆ పెట్టెను విద్యార్థుల దరఖాస్తు ఫారంలో బిగించింది. నెల అంకె 5 అని వస్తే మే నెల అనుకోవడం ఎవరికైనా సహజం. అది నిజానికి జూన్. అప్పుడు నేను సెలవు మీద ఇంటికొచ్చాను. ఫోను సిగ్నల్ సరిగా లేదు. వాళ్లకు అడగడానికి ఎవరూ దొరకలేదు. అడగాల్సిన విషయం ఒకటి ఉందని కూడా వాళ్లకు తెలియదు.

ఫారం తెరిచిన రెండోరోజున జనవరిలో పుట్టిన పిల్లల దరఖాస్తులు వరసగా తిరగ్గొట్టడం మొదలైంది. 0 అనే నెల ఉండదు కాబట్టి కంప్యూటర్ వాటిని ఒప్పుకోలేదు. తప్పు అలా బయటపడింది. కానీ అసలు ప్రమాదం ఆ పిల్లలది కాదు. మిగతా పదకొండు నెలల్లో పుట్టిన వాళ్లది. వాళ్ల దరఖాస్తులన్నీ ఏ ఆటంకం లేకుండా, ఒక నెల తప్పుగా నమోదైపోయాయి. మనలో సగం మందికి బళ్లో వేసినప్పుడు మాస్టారు రాసిన జూన్ నెలే పుట్టిన నెల కదా! వాళ్లందరూ మే నెల వాళ్లయిపోయారు. సర్టిఫికెట్‌లో ఒక తేదీ, దరఖాస్తులో ఇంకో తేదీ ఉంటే సీటు దగ్గర ఏమవుతుందో మన హాస్టల్ పిల్లలకు నేను చెప్పనక్కరలేదు. కార్యాలయాల చుట్టూ తిరగడానికి బస్సు చార్జీలు కూడా లేనివాళ్లం మనం.

సెలవు మధ్యలో ఆపి వెళ్లాను. ముగ్గురం కూర్చుని మూడు రోజులపాటు ఒక్కొక్క దరఖాస్తూ సరిచూసి దిద్దాం. అదృష్టవశాత్తు గడువు ఇంకా ఉంది. నా పైఅధికారి నన్ను తిట్టలేదు. "నీ పెట్టె బాగానే ఉంది. దానికి కాగితం లేదు, అంతే" అన్నారు. అప్పుడు నాకు వంటగది గుర్తొచ్చింది. నా నెల అంకె తాత గుప్పిడి లాంటిదే. నాకు తెలుసు గానీ, నా చేతికి మాత్రమే తెలుసు.

తర్వాత ఆ పెట్టెను మార్చాను. ఇప్పుడది తేదీని సంవత్సరం, నెల, రోజు వరసలో, జనవరిని 01గా అందిస్తుంది. హెచ్‌టీఎంఎల్‌లో ఉన్న తేదీ పెట్టె అందించే పద్ధతి కూడా అదే. గుప్పిడి తీసేసి డబ్బా పెట్టానన్నమాట. వివరణలో రాయడానికి ఇబ్బందిగా అనిపించే విషయం ఉంటే, చాలాసార్లు లోపం తయారీలోనే ఉంటుందని దీనివల్ల తెలుసుకున్నాను.

వివరణలో ఏమేమి ఉండాలి?

ఆ పెట్టెనే ఉదాహరణగా తీసుకుని, ఇప్పుడు నేను పాటించే వరసను చెబుతాను.

1. దేనికి, దేనికి కాదు: "పుట్టిన తేదీ నింపడానికి. రాబోయే తేదీలకు పనికిరాదు." ఈ రెండు వాక్యాలూ మొట్టమొదట ఉండాలి. తనకు పనికిరాదని తెలిసినవాడు అక్కడే ఆగి సమయం మిగుల్చుకుంటాడు.

2. చిన్న నమూనా: ఉన్నదున్నట్టు నకలు చేసి పెడితే వెంటనే పనిచేసే నాలుగైదు లైన్లు. చదివేవాడు ముందు వెతికేది దీన్నే. ఆ నమూనాను రాసినవాడు కొత్త కంప్యూటర్‌లో తానే నడిపి చూడాలి. నడవని నమూనా కంటే అసలు లేకపోవడమే నయం.

3. గుణాలు: వీటిని అట్రిబ్యూట్లంటారు. ప్రతి గుణానికీ పేరు, ఎలాంటి విలువ ఇవ్వాలి, ఇవ్వకపోతే ఏమనుకుంటుంది, ఈ మూడూ రాయాలి. అవును-కాదు రకం గుణాల దగ్గర మరీ జాగ్రత్త. హెచ్‌టీఎంఎల్ పద్ధతిలో అలాంటి గుణం పేరు ట్యాగులో కనిపిస్తే చాలు, అవును అని అర్థం. దానికి ఎదురుగా "ఫాల్స్" అని రాసినా అవును అనే లెక్క! కాదు అని చెప్పాలంటే ఆ గుణాన్ని పూర్తిగా తీసేయాలి. ఇది తెలియక రోజంతా తల పట్టుకున్నవాళ్లను చూశాను. ఇంకో సంగతి, గుణం పేరులో ఒక అక్షరం తప్పు రాస్తే బ్రౌజర్ ఏమీ అనదు, ఊరుకుంటుంది. కాబట్టి పేర్లను అక్షరం పొల్లుపోకుండా ఇవ్వాలి.

4. సంఘటనలు: ముక్క లోపల ఏదైనా జరిగినప్పుడు బయటికి పంపే కబురు. వీటిని ఈవెంట్లంటారు. ఎప్పుడు పంపుతుంది? ఒక్కొక్క అంకె నింపినప్పుడల్లానా, తేదీ పూర్తయ్యాకనా? కబురులో ఏముంటుంది? ఏ లెక్కలో? నా తప్పు జరిగింది ఇక్కడే. షాడో డామ్ లోపల మనం పుట్టించిన ఈవెంట్ దానంతటది ప్రహరీ దాటదు. దాటాలని విడిగా చెప్పాలి. దాటుతుందో లేదో వివరణలో రాయాలి.

5. ఖాళీ జాగాలు, రంగులు: వాడేవాడు తన మాటలను, బొమ్మలను పెట్టుకోవడానికి వదిలిన జాగాలను స్లాట్లంటారు. గోడ ఉన్నా, తయారుచేసినవాడు కావాలని వదిలిన కిటికీల ద్వారా బయటి నుంచి రంగులు మార్చవచ్చు. ఆ కిటికీల పేర్లు వివరణలో లేకపోతే అవి ఉన్నా లేనట్టే.

6. మౌస్ లేనివారికి, చూపు లేనివారికి: కీబోర్డుతో మాత్రమే నింపవచ్చా? ఏ మీట నొక్కితే ఎక్కడికి వెళుతుంది? తెరమీది రాతను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఈ పెట్టెను ఏమని పిలుస్తుంది? ఇది చివరలో అలంకారానికి రాసేది కాదు. చూపు లేని విద్యార్థి తన దరఖాస్తును తానే నింపుకోగలడా, వేరేవాళ్లను బతిమాలుకోవాలా అన్నది దీనిమీదే ఆధారపడి ఉంది.

7. తెలిసిన లోపాలు: దాచకుండా రాయాలి. లోపం రాస్తే చులకనవుతామనుకుంటాం గానీ, రాసినవాడినే జనం నమ్ముతారు.

వీటికి సాయపడే పనిముట్లు ఉన్నాయి. కోడ్ పక్కనే రాసిన వ్యాఖ్యల నుంచి పట్టికలు తయారుచేసేవి కొన్ని. ఒక్కొక్క ముక్కనూ విడిగా నడిపి చూపించే స్టోరీబుక్ లాంటివి కొన్ని. అవి పట్టిక గీసిపెడతాయి గానీ, నెల 0 నుంచి మొదలవుతుందని వాటంతట అవి హెచ్చరించవు. ఆ మాట మనిషే రాయాలి.

తెలుగు వికీపీడియాలో మూసలు

మన తెలుగులోనే దీనికి చక్కటి ఉదాహరణ ఉంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో ఏదైనా ఊరి పేజీ తెరవండి. పక్కన ఒక పెట్టెలో రాష్ట్రం, జిల్లా, మండలం, జనాభా, పిన్‌కోడ్ వరసగా కనిపిస్తాయి. ఆ పెట్టెను ప్రతి ఊరికీ కొత్తగా గీయలేదు. ఒకసారి తయారుచేసి వేలాది పేజీల్లో వాడుతున్నారు. దీన్ని అక్కడ "మూస" అంటారు. కంసాలి మూసలో బంగారం పోసినట్టు, ఊరి వివరాలు పోస్తే పెట్టె తయారవుతుంది. కాంపోనెంట్ అన్న మాటకు ఇంతకంటే మంచి తెలుగు నాకు దొరకలేదు.

మూస పేజీ కింద దాని వివరణ ఉంటుంది. ఏ ఏ పేర్లతో వివరాలివ్వాలి, ఏది తప్పనిసరి, ఏది వదిలేయవచ్చు, నకలు చేసుకోవడానికి ఖాళీ నమూనా. 2013 నుంచి టెంప్లేట్‌డేటా అనే పద్ధతి కూడా వచ్చింది. అందులో రాసిన వివరణను మనిషితోపాటు కంప్యూటర్ కూడా చదివి, నింపేవాడికి తేలికైన ఫారంలా చూపిస్తుంది. అక్కడ రాసేవాళ్లు జీతం తీసుకునేవాళ్లు కాదు, ఒకరి ముఖం ఒకరు చూడనివాళ్లు చాలామంది. మూస చేసినాయన ఎప్పుడో రాయడం మానేసి ఉండవచ్చు. అయినా ఈ రోజు ఒక కుర్రవాడు తన ఊరి పేజీలో ఆ మూసను వాడుకోగలుగుతున్నాడంటే ఆ వివరణ వల్లనే. అలాగే వివరణ లేని మూసలు ఎంత మంచివైనా, వాటి జోలికి వెళ్లడానికి కొత్తవాళ్లు భయపడతారు.

ఏ భాషలో రాయాలి?

"మాకు ఇంగ్లీషు అంతంత మాత్రం, ఇవన్నీ ఎలా రాస్తాం?" అని తమ్ముళ్లు అడుగుతారు. నాకూ అదే భయం ఉండేది. తెలుగు మీడియంలో చదివినవాడిని. మొదట్లో పెద్ద పెద్ద మాటలు వెతికి రాసేవాడిని. నేను రాసింది నాకే అర్థమయ్యేది కాదు.

మన ఉత్తరాంధ్రలోనే పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారిని తలచుకోండి. శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవరల దగ్గర వాళ్ల భాష నేర్చుకున్నారు. నేర్చుకుని ఊరుకోలేదు. తర్వాత నేర్చుకునేవారి కోసం 1931లో సవర భాషకు మాన్యువల్, 1938లో నిఘంటువు అచ్చులోకి తెచ్చారు. తెలుగులోనేమో జనం మాట్లాడే భాషలోనే పుస్తకాలుండాలని జీవితాంతం పోరాడారు. రాత అనేది నలుగురికీ అందాలన్నదే ఆయన పట్టు. మా పనిలోనూ అదే సూత్రం. పొట్టి వాక్యం, తెలిసిన మాట, ఒక వస్తువుకు మొదటి నుంచి చివరిదాకా ఒకే పేరు. నేను ఇప్పటికీ ముందు నోటుపుస్తకంలో తెలుగులో రాసుకుని, తర్వాత ఇంగ్లీషులో పెడతాను. నా ఇంగ్లీషు చిన్నది కాబట్టే అందరికీ అర్థమవుతోందని ఇప్పుడు మా ఆఫీసులో అంటున్నారు.

మాటలకు అర్థాలు ముందే చెప్పడం కూడా ముఖ్యం. మన రాజ్యాంగాన్నే చూడండి. 366వ అధికరణాన్ని మొత్తం మాటల నిర్వచనాలకే కేటాయించారు. షెడ్యూల్డు కులాలంటే ఎవరన్న నిర్వచనం కూడా అందులో ఉంది. ఒక మాటకు తలా ఒక అర్థం చెప్పుకుంటే నష్టపోయేది బలం లేనివాడే.

డబ్బా మారినప్పుడు

వంటగది కాగితం కథ ఇంకా కొంచెం ఉంది. నేను పదో తరగతికి వచ్చాక పాత డబ్బా చిల్లుపడితే కొత్తది కొన్నారు. అది పెద్దది. కాగితం మాత్రం పాతదే. "నాలుగు డబ్బాల పప్పు" అన్న మాట ప్రకారం వండితే పప్పు గుండిగలో గరిటె నిలబడింది. రెండు వారాల్లో నెల సరుకు అయిపోవచ్చింది. కాగితంలో తప్పేమీ లేదు. లోకం మారింది, కాగితం మారలేదు.

అందుకే కాంపోనెంట్లకు వెర్షన్ నంబరు ఇస్తారు. సాధారణంగా మూడు అంకెలుంటాయి. చిన్న మరమ్మతు చేస్తే చివరి అంకె పెరుగుతుంది. పాతవాళ్లకు ఇబ్బంది లేని కొత్త సౌకర్యం వస్తే మధ్య అంకె పెరుగుతుంది. పాత పద్ధతిలో వాడేవాళ్ల పని చెడిపోయేంత మార్పయితే మొదటి అంకె పెరుగుతుంది. నా తేదీ పెట్టెలో నెలల లెక్క మార్చినప్పుడు మొదటి అంకెనే పెంచాను. ఏమి మారింది, పాతవాళ్లు ఏమి చేయాలి అన్నది పైనే రాశాను. కోడ్ మార్చిన రోజే కాగితం మార్చాలి. రేపు మారుద్దామంటే ఇక మారదు.

అడగడానికి ఎవరూ లేనివాడి కోసం

చివరగా ఒక్క మాట. ఉద్యోగంలో చేరినప్పుడు గమనించాను. కొందరు కొత్తవాళ్లకు ఏ సందేహం వచ్చినా ఫోను చేయడానికి ఒక మేనమామో, అన్నయ్యో, కాలేజీ సీనియరో ఆ రంగంలోనే ఉండేవారు. కాగితం లేకపోయినా వాళ్ల పని ఆగేది కాదు. మన ఇళ్లలో కంప్యూటర్ ముందు కూర్చున్న మొదటి మనిషి మనమే. మనం ఎవరిని అడగాలి? నోటిమాటగా తిరిగే విద్య ఎప్పుడూ తెలిసినవాళ్ల మధ్యనే తిరుగుతుంది. రాసిపెట్టిన విద్య మాత్రమే చుట్టరికం అడగదు. అందుకే వివరణ రాయడాన్ని నేను అదనపు పనిగా చూడను. నాలాగే ఒంటరిగా వచ్చి ఆ కుర్చీలో కూర్చోబోయే కుర్రవాడికి నేను చేసే సాయంగా చూస్తాను.

ఇది నేర్చుకోవడానికి కంప్యూటర్ అక్కరలేదు, ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. మన హాస్టల్‌లో నీళ్ల మోటారు ఎలా వేయాలి, ఏది ముందు నొక్కాలి, ఏది నొక్కకూడదు, ఒక కాగితం మీద రాయండి. స్కాలర్‌షిప్ రెన్యువల్‌కు ఏ కాగితాలు కావాలి, ఎక్కడ తేడా వస్తుంది, రాయండి. రాసింది ఈ ఏడాదే కొత్తగా చేరిన తమ్ముడి చేతిలో పెట్టి, మీరు పక్కన నిలబడి నోరు మూసుకుని చూడండి. అతను ఆగిన ప్రతిచోటా తప్పు మీ రాతది, అతనిది కాదు. అక్కడ దిద్దండి. కింద తేదీ వేయండి.

మీరు హాస్టల్ వదిలి వెళ్లిపోయాక కూడా ఆ కాగితం ఎవరికో దారి చెబుతూ ఉంటుంది. అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.

- ఒక పూర్వ విద్యార్థి